చెవికిని చేతికిని నడుమ: హామ్ రేడియో పోటీలలో లాగింగ్ సాఫ్ట్‌వేరు

అక్టోబరు మాసపు చివరి పూర్తి వారాంతమున, శనివారము ఉదయము మన గడియారములు అయిదున్నర చూపు వేళకు, అంతర్జాతీయ కాలమానమున సున్న గంటలగును. ఆ నిమిషము మొదలు నలుబది యెనిమిది గంటలపాటు, ఖండఖండాంతరములందలి వేలకొలది రేడియో కేంద్రములు ఒకదానినొకటి పిలుచుకొనుచు, తమ గుర్తును తెలిపి ఎదుటివారి గుర్తును వ్రాసికొని, మరుక్షణముననే మరియొకరిని వెదకికొనుచు సాగించు మహాస్పర్ధ యారంభమగును. దీని పేరు సీక్యూ వరల్డ్‌వైడ్ డీఎక్స్ కాంటెస్టు. అక్టోబరునందు కంఠస్వరముతోను, నవంబరు చివరి పూర్తి వారాంతమున మోర్సు సంకేతములతోను జరుగు ఈ పోటీలో రాణించుటకు ఎత్తైన యాంటెన్నాయు, మంచి రేడియోయు, నిద్రను జయింపగల శరీరమును కావలెననుట యందరు నెరిగినదే. కాని విన్నదానిని విన్నట్లు, క్షణములో, తప్పు లేకుండ వ్రాసిపెట్టు సాధనమునకు కూడ వీనితో సమానమైన ప్రాధాన్యము కలదని క్రొత్తవారు ఆలస్యముగా గ్రహింతురు. ఆ సాధనమే లాగింగ్ సాఫ్ట్‌వేరు. బజారులో లభించునవియు, ఉచితముగా దొరకునవియు అనేకములున్న ఈ దినములలో, వానిలో ఒకదానిని ఏ గుణము చూచి ఎంచుకొనవలెనో ఇచ్చట విచారింతును.

హామ్ రేడియో యన్న పేరు వినని పాఠకులకు రెండు మాటలు చెప్పవలసియున్నది. ప్రభుత్వము జరుపు పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సు పొందిన వ్యక్తులు, లాభాపేక్ష లేకుండ, తమకు కేటాయింపబడిన తరంగములపై దేశవిదేశములందలి తమవంటివారితో సంభాషించుటయే హామ్ రేడియో. ప్రతి హామ్‌కును ఒక కాల్‌సైన్ ఉండును; భారతదేశమున జనరల్ తరగతి వారి కాల్‌సైన్లు వీయూ2 అనియు, రిస్ట్రిక్టెడ్ తరగతి వారివి వీయూ3 అనియు మొదలగును. వీరు జరుపు ఒక్కొక్క సంపర్కమునకు క్యూఎస్ఓ అని పేరు. ఆ సంపర్కముల దినచర్యను వ్రాసి యుంచు పుస్తకమే లాగ్.

పోటీనాటి సంపర్కము అతిసంక్షిప్తము. క్షేమసమాచారములకు తావు లేదు. ఒకరు పిలుతురు, మరియొకరు తమ కాల్‌సైన్ చెప్పుదురు, పిలిచినవారు "59, 22" అందురు, అవతలివారు "59, 14" అందురు, ధన్యవాదములతో ముగిసినది. ఇందు 59 అనునది ధ్వని స్పష్టముగా వినబడుచున్నదని తెలుపు సంఖ్య. రెండవది జోను సంఖ్య. ఈ పోటీ కొరకు భూగోళమును 40 జోన్లుగా విభజించిరి. మన దేశము, శ్రీలంక, నేపాలు, భూటాను, బంగ్లాదేశము, మాల్దీవులు 22వ జోనునకు చెందును. అండమాను నికోబారు దీవులు మాత్రము 26వ జోనునందుండి, పోటీలెక్కలో ప్రత్యేక దేశముగా పరిగణింపబడును. పరఖండమువారితో సంపర్కమునకు 3 పాయింట్లు, ఆసియాలోనే మరియొక దేశమువారితో అయినచో 1 పాయింటు, స్వదేశీయులతో అయినచో పాయింట్లేమియు లేవు. ఈ పాయింట్ల మొత్తమును, ఒక్కొక్క బ్యాండుపై, అనగా తరంగముల విభాగముపై, తగిలిన జోన్ల సంఖ్య, దేశముల సంఖ్య కలిపి వచ్చిన మొత్తముతో గుణింపగా తుదిలెక్క వచ్చును. ఈ గుణకములకే మల్టిప్లయర్లని వాడుక.

ఈ గుణకారమునందే పోటీ రహస్యమంతయు ఇమిడియున్నది. ఒకానొక హామ్ ఆదివారము మధ్యాహ్నమునకు 1,200 పాయింట్లును 150 మల్టిప్లయర్లును సంపాదించెననుకొందము; అతని లెక్క 1,80,000. ఇప్పుడు మరియొక జర్మనీ కేంద్రముతో సంపర్కము జరిపినచో, ఆ దేశమును జోనును మునుపే తగిలియున్నవి గావున, 3 పాయింట్లు మాత్రము చేరి లెక్క 450 పెరుగును. ఆ జర్మనీ కేంద్రమును విడిచి, ఆ బ్యాండుపై ఇంతవరకు తగులని ఆసియా దేశమొకదానిని పట్టినచో, వచ్చు పాయింటు ఒక్కటే యైనను, క్రొత్త మల్టిప్లయరు చేరుటచే లెక్క 1,351 పెరుగును. అనగా, బలముగా వినబడుచున్న పది కేంద్రములలో దేనిని ముందు పిలువవలెనో, సన్నగా మూలుగుచున్న ఏ కేంద్రము కొరకు అయిదు నిమిషములు వ్యయపరుపవచ్చునో, ప్రతిక్షణమును నిర్ణయించుకొనవలసి యుండును. నిద్ర లేని రెండవ రాత్రి ఈ లెక్కను మనస్సులో నిలుపుకొనుట మనుష్యమాత్రునకు సాధ్యము కాదు.

అయినను పూర్వులు దానినే సాధించిరి. అమెరికన్ రేడియో రిలే లీగ్ స్వీప్‌స్టేక్స్ అను పోటీని 1930లో ప్రారంభించినది మొదలు అర్ధశతాబ్దికి పైగా పోటీ లాగులన్నియు కాగితములపై వ్రాసినవే. ఒకే కేంద్రముతో ఒకే బ్యాండుపై రెండవసారి జరిపిన సంపర్కమునకు లెక్క లేదు. దానిని డూప్ అందురు. ఈ డూప్‌లను తప్పించుకొనుటకై, లాగ్ వ్రాయు కాగితముతోబాటు డూప్‌షీటు అను గళ్ల కాగితము మరియొకటి ప్రక్కన పెట్టుకొని, వినిన ప్రతి కాల్‌సైన్‌ను అక్షరక్రమమున దాని గడిలో వెదకి, లేనిచో అచ్చటను వ్రాసి, పిదప లాగులో వ్రాసి, ఇంతలో చేతితో మోర్సు కీని నొక్కుచు గంటకు నూరు సంపర్కములు జరిపినవారి నైపుణ్యమునకు చేతులు జోడింపవలసినదే. పోటీ ముగిసిన పిమ్మట ఆ కాగితములను శుభ్రముగా తిరిగి వ్రాసి, లెక్క వేసి, తపాలాలో పంపుటకు వారములు పట్టెడిది. 1980వ దశకమున అమెరికాకు చెందిన కెన్ ఉల్ఫ్, కే1ఈఏ అను కాల్‌సైన్ గల హామ్, డాస్ కంప్యూటర్ల కొరకు సీటీ అను ప్రోగ్రామును రచించెను. డూప్‌ను తక్షణమే చెప్పుట, ఒక మీట నొక్కినంత మాత్రమున కంప్యూటరే మోర్సులో సందేశము పంపుట, లెక్కను క్షణక్షణమును తెరపై చూపుట అను మూడు పనులు అందుండెను. తరువాత వచ్చిన ప్రోగ్రాములన్నియు ఈ మూడింటి విస్తరణములే యన్నను అతిశయోక్తి కాదు.

ఎంపికకు గీటురాయి యేమన, సాఫ్ట్‌వేరు చేయగల పనుల జాబితా కాదు, అది చేతికి పెట్టు శ్రమ. హామ్ చెవి రేడియోయందే యుండవలెను. శబ్దముల సమ్మర్దములో నుండి మూడక్షరములు విడదీయుటకు ఆ చెవికి మనస్సు యొక్క సంపూర్ణసహాయము కావలెను. ఆ సమయమున కన్ను తెరపై ఏదో పెట్టెను వెదకుచున్నను, చేయి మౌస్ కొరకు తడుముకొనుచున్నను, వినికిడి చెడును. కావున ఏ ప్రోగ్రామునందు కాల్‌సైన్ టైపు చేసి ఒక్క ఎంటర్ మీటతో సంపర్కమంతయు నడపవచ్చునో, ఏది మౌస్‌ను ముట్టనక్కరలేకుండ చేయునో, ఏది తప్పు కొట్టినప్పుడు దిద్దుకొనుట సులభమో, అది మంచిది. ఇట్టి ప్రోగ్రాములలో ఎంటర్ మీట ఒక్కటే సందర్భమునుబట్టి భిన్నకార్యములు చేయును: గడి ఖాళీగా నున్నప్పుడు లోకమును పిలుచును, కాల్‌సైన్ వ్రాసియున్నప్పుడు ఆ కేంద్రమునకు 59యు జోనును పంపును, అవతలి జోనును నింపినప్పుడు ధన్యవాదము చెప్పి సంపర్కమును లాగులో చేర్చును. జోను సంఖ్యను సైతము కాల్‌సైన్‌ను బట్టి ముందుగానే ఊహించి నింపియుంచును. అవతలివారు వేరొకటి చెప్పినచో మాత్రమే మనము దిద్దవలెను. ఈ పద్ధతి వ్రేళ్లకు అలవడిన పిమ్మట హామ్ కన్నులు మూసికొని వినవచ్చును.

నేడు ప్రపంచమున అత్యధికులు పోటీలలో వాడునది ఎన్1ఎంఎం లాగర్ ప్లస్. ఎన్1ఎంఎం అనునది దాని మూలకర్తయైన టామ్ వాగ్నర్ కాల్‌సైన్, అనేక స్వచ్ఛంద సేవకులు నిరంతరము దానిని దిద్దుచుందురు, మూల్యము లేదు, విండోస్ కంప్యూటర్లపై మాత్రమే పనిచేయును. ఉన్న పోటీలలో దాదాపు ఏ పోటీకైనను అందు నియమములు సిద్ధముగా నుండును. దాని దోషము కూడ సమృద్ధియే: బ్యాండ్‌మ్యాపులు, వేగపు గ్రాఫులు, పటములు, సందేశముల పెట్టెలు అని పదులకొలది కిటికీలు తెరచుకొనగలవు, వానినన్నిటిని మొదటినాడే తెరచిన నవశిష్యునకు తెర నిండును గాని లాగ్ నిండదు. టైపు చేయు కిటికీ, లాగ్ కిటికీ, లెక్క కిటికీ, ఈ మూడింటిని మాత్రముంచి తక్కినవానిని మూసివేసి మొదటి పోటీని నడపుమని నా గట్టి సలహా.

సీటీ అలవాటును విండోస్‌లోనికి తెచ్చినది విన్-టెస్ట్. దీనిని వెలయిచ్చి కొనవలెను. పలువురు ఆపరేటర్లు అనేక కంప్యూటర్లను కలిపి ఒకే కేంద్రమునుండి పోటీ చేయునప్పుడు ఇది నమ్మకముగా పనిచేయునని ఐరోపాలోని జట్లు దానిని ఆదరించుచున్నవి. ఐరోపాలోనే పుట్టిన డీఎక్స్‌లాగ్ ఉచితము, సమర్థము. రైట్‌లాగ్ వెల గలది. టెలిప్రింటరు పద్ధతియైన ఆర్టీటీవై పోటీలలో దానికి పేరు. ఎన్3ఎఫ్‌జేపీ వారి ప్రోగ్రాములు పోటీకొకటి చొప్పున విడివిడిగా, సామాన్యరూపమున, అల్పమైన వెలకు లభించును. కంప్యూటరునకు భయపడు పెద్దలకు ఇవి మిక్కిలి అనుకూలములు. మాక్ కంప్యూటరు గలవారికి స్కూకమ్‌లాగర్, రమ్‌లాగ్ ఉన్నవి. లినక్స్ ప్రియులకు టీఎల్ఎఫ్ కలదు. రంగులు హంగులు లేని అక్షరముల తెర, పాత ల్యాప్‌టాప్‌పై సైతము చకచక నడచును. ఎఫ్‌టీ8 వంటి డిజిటల్ పద్ధతులలో పోటీ చేయదలచినవారు, నోబెల్ బహుమానగ్రహీతయైన భౌతికశాస్త్రజ్ఞుడు జోసెఫ్ టేలర్ మూలకర్తగా రూపొందిన డబ్ల్యుఎస్‌జేటీ-ఎక్స్‌తో తమ లాగర్ కలిసి పనిచేయునో లేదో ముందు చూచుకొనవలెను.

వీనిలో ఏది ఉత్తమమని అడిగినయెడల, మీ ఊరిలోనో సమీపపు క్లబ్బులోనో మీకు కావలసినవారు దేనిని వాడుచున్నారో అదియే యని చెప్పుదును. శనివారము అర్ధరాత్రి రేడియోకును కంప్యూటరునకును సంబంధము తెగినప్పుడు, పుస్తకము తిరగవేయుటకు తీరిక యుండదు; ఫోను చేసినచో "అన్నా, ఆ పోర్టు సంఖ్య మార్చి చూడు" అని చెప్పగల మిత్రుడు నూరు వాక్యముల సహాయపత్రము కంటె విలువైనవాడు. ఒక ప్రోగ్రాము కొరకై క్రొత్త కంప్యూటరు కొనుట కూడ వివేకము కాదు. ఉన్న యంత్రముపై నడచుదానినే తీసికొని, దానిని వ్రేళ్లకు పట్టువరకు సాధనచేయుట మేలు. నిత్యపు సంపర్కముల కొరకు వాడు లాగ్‌4ఓఎమ్, లాగర్32 వంటివానితోనే పోటీకి దిగవచ్చునా యని కొందరడుగుదురు. అవి గ్రంథాలయపు పట్టిక వంటివి, పేరు, ఊరు, కార్డు వచ్చినదా రాలేదా అను వివరములను జాగ్రత్తగా దాచును. పోటీ వేగమునకు అవి పుట్టలేదు. పోటీని పోటీ ప్రోగ్రాముతో నడపి, తరువాత ఏడీఐఎఫ్ అను సామాన్యరూపమున ఆ సంపర్కములను నిత్యపు లాగులోనికి చేర్చుకొనుటయే అందరును అనుసరించు మార్గము.

ఒక సదుపాయమును గూర్చి మాత్రము నేను గట్టిగా చెప్పవలసియున్నది. దాదాపు అన్ని పోటీ ప్రోగ్రాములందును సూపర్ చెక్ పార్షియల్ అను జాబితా ఒకటి యుండును. పూర్వపు పోటీలకు వచ్చిన లాగుల నుండి తరచుగా కనబడు కాల్‌సైన్లను ఏరి కూర్చిన జాబితా యిది; మీరు రెండు మూడక్షరములు కొట్టగనే, ఆ యక్షరములు గల ప్రసిద్ధ కాల్‌సైన్లన్నియు తెరపై ప్రత్యక్షమగును. శబ్దములో సగము మునిగిన కాల్‌సైన్‌ను పట్టుటకు ఇది గొప్ప ఆధారమనుటలో సందేహము లేదు. కాని ఆ జాబితా చెవికి సాక్షి కావలెను గాని చెవికి బదులు కారాదు. లైసెన్సు క్రొత్తగా పొంది, మొదటిసారి పోటీలో పిలుచుచున్న వీయూ3 యువకుని కాల్‌సైన్ ఆ జాబితాలో ఉండదు. దానికి ఒక్క అక్షరము తేడాతో ఎవరో ప్రసిద్ధుని కాల్‌సైన్ ఉండవచ్చును. అలసిన ఆపరేటరు తెరను నమ్మి ఆ ప్రసిద్ధుని పేరే వ్రాసికొనును. దానివలన అతనికి నష్టము కలుగుట యటుండగా, ఎంతో ఆశతో పిలిచిన ఆ యువకుడు ఆ లాగులో లేనివాడగును. మన దేశమున హామ్‌ల సంఖ్య పెరుగవలెనని కోరువారమందరమును ఈ అన్యాయమును స్వహస్తములతో చేయరాదు. అనుమానము కలిగినప్పుడు మరల అడుగుటకు రెండు క్షణములు చాలును. సాధన దినములలో ఈ జాబితాను ఆపివేసి చెవికే పని పెట్టవలెనని నా యభిప్రాయము.

దీనితోబాటు మరియొక విషయము. ఇంటర్నెట్ ద్వారా, ఏ కేంద్రము ఏ పౌనఃపున్యముపై నున్నదో తెలుపు డీఎక్స్ క్లస్టర్లను ప్రోగ్రామునకు జోడింపవచ్చును. అది నేరము కాదు. కాని అట్లు చేసినవారు సహాయము పొందినవారి తరగతిలో లాగ్ పంపవలెను. స్వయముగా వెదకిన తరగతిలో పేరు వ్రాసి, చాటున క్లస్టరును చూచుట మోసము.

ఇక యంత్రపు ఏర్పాట్లను గూర్చి క్లుప్తముగా చెప్పుదును. రేడియోను కంప్యూటరునకు యూఎస్‌బీ తీగతో కలిపి, బ్యాండు మార్పును ప్రోగ్రాము స్వయముగా గ్రహించునట్లు చేయవలెను. లేనిచో 14 మెగాహెర్ట్‌జ్ నుండి 21కి మారి, ప్రోగ్రాములో మార్చుట మరచినవారి సంపర్కములన్నియు తప్పు బ్యాండుపై నమోదగును. కంప్యూటరు గడియారమును పోటీకి ముందు సరిచూచుకొని, ప్రోగ్రాము అంతర్జాతీయ కాలమునే వ్రాయుచున్నదని రూఢి చేసికొనవలెను. మనకును దానికిని అయిదున్నర గంటల తేడా యుండుటచే, ఇచ్చట జరుగు పొరపాటు లాగ్ అంతటిని చెరచును. ప్రసారము చేయు సమయమున యాంటెన్నా శక్తి తీగల వెంబడి కంప్యూటరులోనికి జొచ్చి, కీబోర్డును స్తంభింపజేయుట కద్దు. తీగపై ఫెర్రైట్ ముక్క బిగించినచో చాలవరకు తగ్గును. కరెంటు పోవు ఊళ్లలో డెస్క్‌టాప్ కంటె బ్యాటరీ గల ల్యాప్‌టాప్ క్షేమము. గంటకొకసారి లాగును పెన్‌డ్రైవులో వేరుగా దాచుట మరువరాదు.

ఇంత శ్రమ ఒక క్రీడ కొరకా యని అడుగువారికి, 2004 డిసెంబరును జ్ఞాపకము చేయుట అవసరము. 1983లో హైదరాబాదునందు స్థాపింపబడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పక్షమున, వీయూ2ఆర్‌బీఐ కాల్‌సైన్ గల భారతీ ప్రసాద్ నాయకత్వమున ఒక బృందము అండమాను దీవులకు వెళ్లి, ప్రపంచమందలి హామ్‌లతో సంపర్కములు జరుపుచుండెను. ఆ నెల 26వ తేదీన సునామీ వచ్చెను, టెలిఫోన్లు మూగవోయెను, ఆ బృందము తమ పూర్వపు కార్యక్రమమును విడిచి, దీవులలో చిక్కుకొన్నవారి క్షేమవార్తలను ప్రధానభూభాగమునకు అందించుటకు పూనుకొనెను. వందలమంది ఒక్కసారి పిలుచుచుండగా ఒక్కొక్క పేరును స్పష్టముగా పట్టి, తక్కువ మాటలలో ధ్రువపరచుకొని, తప్పు లేకుండ వ్రాసికొను శక్తి అట్టి ఘడియలో నేర్చుకొన్నచో వచ్చునది కాదు. పోటీలు ఆ శక్తికి నిత్యవ్యాయామములు. అందుచేతనే వ్రాతసాధనమును ఎంచుకొనుటలో ఇంత పట్టుదల చూపుచున్నాను.

పోటీ ముగిసిన పిమ్మట ప్రోగ్రాము లాగును కాబ్రిల్లో అను రూపమున ఒక ఫైలుగా వ్రాసి యిచ్చును. ఒక్కొక్క పంక్తిలో పౌనఃపున్యము, పద్ధతి, తేదీ, సమయము, మన కాల్‌సైన్, మనము పంపినది, ఎదుటివారి కాల్‌సైన్, వారు పంపినది వరుసగా నుండును. గడువు కొద్ది దినములే గావున, పోటీ ముగిసిననాటి సాయంకాలమే దానిని పంపివేయుట మంచిది. పంపుటకు ముందు దిద్దదగిన టైపుతప్పులు వేరు, వినికిడి తప్పులు వేరు. ఇంటర్నెట్‌లో వెదకి కాల్‌సైన్లను సవరించుట నియమవిరుద్ధము. పోటీ నిర్వాహకుల కంప్యూటర్లు ప్రపంచపు లాగులన్నిటిని ఒకదానితోనొకటి పోల్చి చూచును: మీ లాగులోని సంపర్కము ఎదుటివారి లాగులో లేకున్నను, కాల్‌సైన్‌లో అక్షరము తప్పినను, ఆ సంపర్కపు పాయింట్లు పోవుటయే గాక దండన కూడ పడును.

ఈ సరిచూచుట యంతయు పంపబడిన లాగుల సంఖ్యపైననే ఆధారపడియున్నది. మొదటి పోటీలో ఇరువది సంపర్కములు మాత్రమే జరిపినవారు, "దీనినేమి పంపుదుము" అని సంకోచించి ఊరకుండుట మన హామ్‌లలో తరచుగా చూచుచున్నాము. ఆ ఇరువది పంక్తులతో ఇరువదిమంది ఇతరుల లాగులు నిజమైనవని తేలును. మీ కాల్‌సైన్ క్రమముగా సూపర్ చెక్ పార్షియల్ జాబితాలోనికి చేరి, వచ్చు ఏడు పిలిచినప్పుడు ఎదుటివారికి తెలిసినదగును. బహుమానము కోరనివారు చెక్‌లాగ్ అను తరగతిలో పంపవచ్చును. ఏ ప్రోగ్రాము వాడినను, కాగితముపై వ్రాసి పిదప టైపు చేసినను, ఎన్ని సంపర్కములైనను, లాగ్ మాత్రము పంపుడు.